శనివారం రాత్రికి కామెడీ స్కిట్ కావాలి, అర్జెంట్

కొండాపూర్ వాసి:
మధ్యాహ్నం నుంచి వెతుకుతూనే ఉన్నాను, పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. శనివారం రాత్రి మా ఇంట్లో ఫ్రెండ్స్ అందరం కలుస్తున్నాం. అంత్యాక్షరి, డంబ్ షరాడ్స్, తంబోలా ఎప్పుడూ ఉండేవే. ఈసారి మధ్యలో ఒకటి రెండు స్కిట్లు వేద్దామంటే సరేనని మొత్తం నా నెత్తిన పెట్టారు. యూట్యూబ్‌లో ఉన్నవన్నీ స్కూలు వార్షికోత్సవాలవి, లేదంటే టీవీవి. ఆ టీవీ వాటిలో సగం పెళ్లాన్ని ఆడిపోసుకునే జోకులే, నలుగురిలో అవి చేయడం నాకు ఇష్టం లేదు. డాక్టర్-పేషెంట్ స్కిట్ ఒకటి రాయబోతే ముందుకు సాగడం లేదు. ఎవరి దగ్గరైనా స్క్రిప్టు ఉంటే పెట్టండి, ప్లీజ్. చాలా టెన్షన్‌గా ఉంది.

గోంగూర:
ఎంతమంది? ఎంతసేపు? పిల్లలున్నారా?

నాటకాల మాస్టారు:
బాబూ, ఎవరో ఇచ్చిన స్క్రిప్టు చదివేస్తే నవ్వు రాదు. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో విద్యార్థులతో నాటకం వేయించారు. ఆయన ప్రహసనాలు రాసింది తన చుట్టూ కనబడుతున్న లంచాల మీద, మూఢాచారాల మీద. అందుకే చూసినవాళ్లకు సూటిగా తగిలాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజంలో ఇంటిల్లిపాదీ నటులే. పసిపిల్లలుగా ఉన్నప్పటి నుంచే స్టేజీ అలవాటు. మీకు శనివారంలోగా కనీసం రెండు రిహార్సల్స్ అయినా పడాలి. చూసేవాళ్లకు వీపు చూపించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మాట చివర మింగకూడదు. తెలుగులో క్రియ చివర వస్తుంది. "వచ్చాడా, రాలేదా" అన్నది ఆఖరి అక్షరాల్లోనే తేలుతుంది. అక్కడ గొంతు పడిపోతే జోకు పోయినట్టే. ఈకాలం పిల్లలందరిలో ఉన్న లోపం ఇదే.

గోంగూర:
సోఫా ముందు వేసేది కదా మాస్టారూ.

నాటకాల మాస్టారు:
సోఫా ముందైనా మాట వినబడాలి కదమ్మా.

హనుమకొండ పిల్ల:
అన్నా, స్క్రిప్టే వద్దు. పిట్టలదొర వేషం పెట్టండి. మా ఊరి జాతరకు వచ్చేటోడు. ఖాకీ నిక్కరు, పాత కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. వచ్చి నిలబడి కోతలు మొదలుపెడితే ఆగడు. మీరు మీ ఏరియా కోతలు కొట్టండి: "మొన్న మియాపూర్ కాడ మెట్రో రైలు కొన్న, ఇంటి ముంగట పార్కింగ్ లేదని వాపస్ ఇచ్చిన." చూసేవాళ్లు మధ్యలో ప్రశ్న అడగాలి: "రైలుకు ఎంత పెట్టినవ్ దొరా?" దొర నవ్వకుండా ఇంకా పెద్ద కోత కొయ్యాలి. నవ్వితే టోపీ పక్కవాళ్లకు పోతుంది. అదే ఆట అయిపోతుంది. నటించడం రానివాళ్లు కూడా చేయగలరు, ఎందుకంటే వేషమే సగం పని చేస్తుంది.

నర్సాపురం నుంచి:
మా వైపు ఆయన తుపాకి రాముడు. పిట్టలదొర అనే మాట నేను హైదరాబాద్ వచ్చాకే విన్నాను.

హనుమకొండ పిల్ల:
మా దగ్గర పిట్టలదొరే. లత్కోర్ సాబ్ అని కూడా అంటరు.

నర్సాపురం నుంచి:
"పెద్ద తుపాకి రాముడు వచ్చాడండీ" అని కోతలు కోసేవాళ్లను మా ఇళ్లలో రోజూ అంటారు. అసలు పేరు అదే.

హనుమకొండ పిల్ల:
ఎవరి ఊళ్లో ఎవరి పేరు వాళ్లది. ఇందులో అసలు, నకిలీ ఏముంది అక్కా?

కొండాపూర్ వాసి:
వేషం బాగుంది. కానీ మాలో ఇద్దరిది కేరళ, ఇంకో జంట ఒడిశా నుంచి వచ్చారు. "భోజనం చేశారా" దాటి వాళ్లకు తెలుగు రాదు. ఈ కోతలు వాళ్లకేం అర్థమవుతాయి? మొత్తం ఎనిమిది మందిమి, పిల్లలు పడుకున్నాకే మొదలుపెడతాం.

గోంగూర:
ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

పెనం మీద దోసె:
అయితే మీకు దీనికంటే మంచిది ఉంది. ముగ్గురు చాలు. ఒకరు యాంకర్, ఒకరు ఎక్కడి నుంచో వచ్చిన మహా నిపుణుడు, ఒకరు అనువాదకుడు. మీ కేరళ ఫ్రెండ్‌ను నిపుణుడిగా కూర్చోబెట్టి నిజంగా మలయాళంలోనే మాట్లాడమనండి. మలయాళం ఒక్క ముక్క రానివాళ్లు పక్కన కూర్చుని, అందరికీ తెలిసిన హిందీలోకో ఇంగ్లీషులోకో గంభీరంగా అనువాదం చేయాలి. భాష రాకపోవడమే ఇక్కడ నవ్వు పుట్టిస్తుంది కాబట్టి ఎవరూ బయటివాళ్లుగా మిగిలిపోరు. మలయాళం తెలిసిన రెండో ఆయనకు ఇంకా ఎక్కువ నవ్వొస్తుంది, అసలు మాట, అనువాదం రెండూ ఆయనకు అర్థమవుతాయి కదా.

నిపుణుడు చేతులు బాగా ఆడించాలి. ఆయన టేబుల్ మీద గట్టిగా చరిచాడనుకోండి, అనువాదకుడు ఆ దెబ్బకు కారణం చెప్పి తీరాలి: "కాయ ముదిరిందో లేదో ఇలా కొట్టి చూస్తారట." నిపుణుడు ఊపిరి తిప్పుకోకుండా అరనిమిషం మాట్లాడితే అనువాదం "లేదట" అని ఒక్క మాటే ఉండాలి. ఆయన "ఊఁ" అంటే మాత్రం పెద్ద ప్రసంగం రావాలి. ఈ హెచ్చుతగ్గులు లేకపోతే ఆట చప్పగా ఉంటుంది. విషయం మీ అందరికీ తెలిసినదే పెట్టుకోండి: లిఫ్టు, పార్కింగ్, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్. మూడు నిమిషాలు దాటనివ్వకండి. బాగా నవ్వు వచ్చిన చోట యాంకర్ లేచి "ధన్యవాదాలు" అనేయాలి. ఇంకొంచెం లాగుదామనుకుంటే పాడవుతుంది. తర్వాత ఒడిశా వాళ్లను నిపుణులుగా కూర్చోబెట్టండి.

కాఫీపొడి:
ఇది స్కిట్ కాదు, ఇంప్రొవ్, అంటే అప్పటికప్పుడు అల్లుకునేది. ఆయన అడిగింది స్కిట్.

పెనం మీద దోసె:
శనివారం రాత్రి ఎనిమిది మంది నవ్వాలి, ఆయనకు కావాల్సింది అది.

నాటకాల మాస్టారు:
ఆశువుగా చెప్పడం మనకు కొత్తేమీ కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకరుంటారు. అవధాని పద్యం కట్టుకుంటుంటే మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసి ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. అవధాని చమత్కారంగా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. సభలో ఎక్కువ నవ్వులు అక్కడే. మీరు కూడా చూసేవాళ్లలో ఒకరికి ఆ పని అప్పగించండి. నిపుణుడు ట్యాంకర్ గురించి చెబుతుంటే "అయ్యా, మా పిల్లికి సంబంధాలు కుదరడం లేదు, ఎందుకంటారు?" అని అడగాలి. అనువాదకుడు ఆ ప్రశ్నను నిపుణుడికి చేరవేయాలి, జవాబు తేవాలి. రిహార్సల్ మాత్రం మానకండి.

కాఫీపొడి:
ఆశువుకు రిహార్సలేంటి మాస్టారూ?

నాటకాల మాస్టారు:
మాటలకు కాదు నాయనా. కూర్చునే చోటు, లేచే సమయం, గొంతు. వాటికి.

నర్సాపురం నుంచి:
హనుమకొండ పిల్ల గారూ, మా నాన్నగారిని అడిగాను. తుపాకి రాముడే అంటున్నారు.

కొండాపూర్ వాసి:
ట్యాంకర్ నీళ్ల శాస్త్రవేత్త ఫిక్స్. అప్రస్తుత ప్రసంగిగా మా ఆవిడ చేస్తానంది. థ్యాంక్స్ అందరికీ.

కాఫీపొడి:
మా ఆఫీసులో వచ్చే నెల ఇలాంటిదే ఉంది, ముప్పై మంది దాకా వస్తారు. అంతమందితో ఈ అనువాదం ఆట కుదురుతుందా? మైకు ఒక్కటే ఉంది.