భయంలో సరదా ఎక్కడుంది?

గోదారిగట్టు:
సంక్రాంతికి మా ఊరి తీర్థంలో పిల్లలతో కొలంబస్ ఎక్కాను. పడవ పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి జారుతుంటే పేగులు గొంతులోకి వచ్చినట్టయింది. దిగాక కాళ్లు వణుకుతున్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. అందుకే అంటున్నా, మనకి నచ్చేది భయం కాదు, అది తీరిపోవడం. ఆ హమ్మయ్య కోసమే డబ్బులిచ్చి మరీ భయపడతాం. కాదనేవాళ్లు చెప్పండి.

వరంగల్ పిల్ల:
నేను కాదంటాను అన్నా. హమ్మయ్య అనుకోవడమే సుఖమైతే, పన్ను పీకించుకున్నవాళ్లు మర్నాడు మళ్లీ వెళ్లాలి కదా. పిల్లలు కొలంబస్ దిగీ దిగగానే "ఇంకోసారి" అంటారు. వాళ్లు అడిగేది దిగడం కోసం కాదు, ఆ జారుడు కోసం.

గోదారిగట్టు:
పన్ను దగ్గర నొప్పి నిజం తల్లీ. కొలంబస్‌లో ఏమీ కాదని లోపల తెలుసు.

వరంగల్ పిల్ల:
ఏమీ కాదని ముందే తెలిస్తే, ఇక తీరిపోవడానికి ఏముంది?

మిరపతోట:
పాల్ రోజిన్ అనే అమెరికా సైకాలజిస్టు కారం తినడాన్ని కూడా ఇలాగే చూశాడు. ఒళ్లు ప్రమాదమని గోల పెడుతుంది, బుర్రకి కాదని తెలుసు, ఆ తేడాలోనే మజా ఉందంటాడు. కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద కలుపుకునే మా గుంటూరు వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

2020లో డెన్మార్క్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. దెయ్యాల కొంప చూడటానికి వచ్చిన 110 మందిని, గుండె వేగం కొలుస్తూ లోపలికి పంపారు. మరీ భయపడితే సరదా తగ్గింది, భయం చాలకపోయినా తగ్గింది. మధ్యలో ఉన్నప్పుడే ఎక్కువ. తీరిపోవడమే అంతా అయితే, ఎంత భయపడితే అంత సుఖం రావాలిగా?

మా నానమ్మకి ఈ మోతాదు బాగా తెలుసు. కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద కొరివిదెయ్యం కథ చెప్పేది. చెల్లి దుప్పటి ముక్కు దాకా లాక్కుందంటే చాలు, గొంతు తగ్గించి దెయ్యాన్ని చింతచెట్టు వెనక్కి పంపేసేది. దుప్పటి కిందికి దిగితే దెయ్యం మళ్లీ బయల్దేరేది.

గోదారిగట్టు:
హమ్మయ్యని నేను పూర్తిగా వదులుకోను. కానీ మోతాదు మాట ఒప్పుకుంటాను. మావాడు మొదటిసారి చివరి వరసలో కూర్చుని ఏడ్చేశాడు, ఊపు అక్కడే ఎక్కువ. రెండోసారి వాడే మధ్య వరస అడిగాడు, నా మోచెయ్యి పట్టుకుని కేకలేస్తూ నవ్వాడు. మూడోసారి నన్ను వదిలేసి చివరికెళ్లి కూర్చున్నాడు.