అన్నమ్మ చూపుడువేలు: సంకేతమా, పూర్తికాని గీతా?

బొగ్గుపుల్ల:
లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావిన్చి బొగ్గుతో, తెల్ల సుద్దతో వేసిన పెద్ద చిత్రం ఒకటుంది. ఎనిమిది కాగితాలు అతికించి దాదాపు 141 సెంటీమీటర్ల ఎత్తున వేశాడు. మరియ తన తల్లి పునీత అన్నమ్మ ఒడిలో కూర్చుంది. ఆమె చేతుల్లోంచి బాలయేసు ముందుకు వంగి చిన్నారి యోహానును దీవిస్తున్నాడు. అన్నమ్మ కూతురి ముఖంలోకి చూస్తూ చూపుడువేలు పైకెత్తింది. ముఖాల మీద నీడ పొగలా కమ్ముకుంది. ఆ చేతికి మాత్రం ఉత్త గీతే! కావాలనే అలా వదిలాడని నా నమ్మకం. దైవసంకల్పాన్ని చూపించే వేలికి రక్తమాంసాలు ఇవ్వదలచుకోలేదు.

చిత్తుప్రతి:
ఒప్పుకోలేను. కింద పాదాలు చూడండి, అవీ గీతలుగానే మిగిలాయి. వాటికి ఏ అర్థం చెబుతారు? వేలు ఆకాశాన్ని చూపుతోందన్న మాట నిజమే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆయన యోహాను చిత్రంలోనూ అదే సైగ ఉంది. కానీ అక్కడ ఆ చేతిని పూర్తిగా, వెలుగునీడలతో చిత్రించాడు. అర్థం సైగలో ఉంది, అసంపూర్తిగా ఉండటంలో లేదు.

బొగ్గుపుల్ల:
వర్ణచిత్రానికి ముందు వేసే సన్నాహక చిత్రమైతే గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, బొమ్మను రంగులు వేసే చెక్క పలక మీదికి దించుతారు. దీని మీద ఆ చిల్లులే లేవు. అంటే ఆయన దృష్టిలో ఇదే తుది రూపం కావచ్చు కదా?

చిత్తుప్రతి:
చిల్లులు లేవంటే ఈ కాగితం నుంచి బొమ్మ దించలేదనే తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. బ్రిటిష్ మ్యూజియంలో ఇదే కూర్పుకు వేసిన చిన్న చిత్తుచిత్రం ఉంది. గీత మీద గీత పడి ఏ కాలు ఎవరిదో తెలియనంతగా నల్లబడింది. చివరికి తనకు నచ్చిన రేఖలను మొనతో నొక్కి, కాగితం తిప్పి వెనకవైపు గీసుకున్నాడు. అంతగా తడుముకున్న మనిషి ఒక చేతిని తర్వాత చూద్దామని వదిలేయడంలో వింత ఏముంది?

మూడోతరం:
నాకు వేలి కంటే ఆ ఇద్దరు స్త్రీలే ముఖ్యం. తల్లీకూతుళ్ల వయసులో తేడా కనిపించదు, ఒకే దేహానికి రెండు తలలున్నట్టు ఉంటారు. లూవ్ర్‌లోని అన్నమ్మ వర్ణచిత్రం చూసి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1910లో అన్నది ఇదే: కన్నతల్లి, సవతితల్లి ఇద్దరి చేతుల్లో పెరిగిన లియొనార్డో జ్ఞాపకం అది.

చిత్తుప్రతి:
అన్నమ్మ, మరియ, బాలయేసు ఒకరి ఒడిలో ఒకరుగా కనిపించే కూర్పు ఇటలీలో అప్పటికే పాతది. చిత్రకారులు మసాచ్చో, మసోలీనో కలిసి 1424 ప్రాంతంలో వేశారు. లియొనార్డో పుట్టింది 1452లో. పైగా ఫ్రాయిడ్ అదే వ్యాసంలో, లియొనార్డో రాసుకున్న చిన్ననాటి జ్ఞాపకంలోని గద్దను రాబందుగా చదివాడు, అనువాదంలో దొర్లిన తప్పు మీద సగం వాదన కట్టాడు. బాల్యం తెచ్చి బొమ్మకు అతికించే ముందు ఆనాటి భక్తులు అందులో ఏం చూశారో అడగాలి. వాళ్లకు అది మూడు తరాల రక్షణ కథ.

మూడోతరం:
కూర్పు పాతదే, కాదనను. కానీ పాత చిత్రంలో అన్నమ్మ వెనక నిటారుగా, పెద్దరికంతో కూర్చుని ఉంటుంది. ఇక్కడ ఇద్దరి మోకాళ్లూ పక్కపక్కన చేరాయి. ఆ మార్పు లియొనార్డోదే.

బొగ్గుపుల్ల:
పాదాల విషయంలో చిత్తుప్రతి గారి మాట ఒప్పుకుంటున్నాను. చేతి విషయంలో ఇంకా ఒప్పుకోలేదు. అన్నమ్మ వేలి పక్కనే బాలయేసు దీవించే చేయి ఉంది. ఆ చిన్న చేతికి నీడ వేశాడు, సుద్దతో వెలుగు అద్దాడు. అంత దగ్గరగా వచ్చిన సుద్ద పక్క చేతిని ఎందుకు తాకలేదు?