కొండ అడవి హద్దులు: ఉపగ్రహం గీయాలా, ఊరు గీయాలా?

హెబ్బాళ్ వాసి:
బెంగళూరులో జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే) పని చేస్తాను. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు అడిగే పాడేరు వైపు ఊళ్లు ఇంకా "ఆ వాగు దాకా, ఈ చింతచెట్టు దాకా" అని హద్దులు రాసిస్తున్నాయి. ఉపగ్రహ చిత్రం మీద మాలాంటివాళ్లం గీసిచ్చేస్తే ఈ తగాదాలు తీరవా?

మన్యం ఆడపడుచు, మారతహళ్లి:
అన్నా, మీ ఉద్దేశం మంచిదే, కానీ నేను ఒప్పుకోను. మాది సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోట, చెట్లకు మిరియం తీగలు. పైనుంచి చూస్తే అంతా అడవే. అటవీ సర్వే లెక్కలోనూ అంతే: హెక్టారుకు తగ్గని నేలలో చెట్ల కప్పు 10 శాతం ఉంటే చాలు, తోటైనా అటవీ విస్తీర్ణంలో కలిపేస్తారు. ఆ పచ్చరంగు చూసి ఇక్కడ సాగే లేదంటే మా గతేంటి? ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనల్లోనే ఉంది.

పోయిన వేసవిలో జీపీఎస్ పట్టుకుని నాన్న వెనకాలే హద్దంతా నడిచాను. లోయలో దిగగానే జీపీఎస్ తెర మీద మమ్మల్ని చూపే చుక్క, వాగు అవతలికి దూకింది. నాన్న దాన్ని పట్టించుకోలేదు. ఒక బండ దగ్గర కూర్చుని కత్తి మొనతో నాచు గీకాడు. కింద పాత ఉలి గీత. "ఇదిగో, ఇక్కడ" అన్నాడు.

హెబ్బాళ్ వాసి:
లోయలో, చెట్ల కింద జీపీఎస్ తప్పుతుంది, నిజమే. ఇంకోటి కూడా ఉందమ్మా. మ్యాపులో నేలను చదునుగా లెక్కగడతాం. 30 డిగ్రీల వాలులో మీరు నడిచే 100 ఎకరాలు అందులో 87 ఎకరాలే. ఇది ఊరివాళ్లకు ముందే చెప్పాలి. కానీ మ్యాపే లేకుండా వెళ్తే ఆఫీసులో ఎవరు వింటారు?

చామరాజనగర్ దారి:
కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు నడకనీ మ్యాపునీ రెండూ కలిపారు కదా. తమ దేవతల చోట్లన్నీ వాళ్లే నడిచి చూపిస్తే, బెంగళూరు ఏట్రీ అనే సంస్థ పరిశోధకులు జీపీఎస్‌తో మ్యాపుకెక్కించారు. 2011లో పులుల అభయారణ్యంలోనే వాళ్లకు సామూహిక హక్కులు దక్కాయి.

మన్యం ఆడపడుచు, మారతహళ్లి:
అలాగైతే నాకు సమ్మతమే. కానీ ఆ మ్యాపు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది? తేనెపట్లు ఉండే చెట్లు, మందు మొక్కల చోట్లు ఊరికి తెలియకుండా బయటికి పోకూడదు. అన్నా, మీరు వస్తానంటే నాన్నతో మాట్లాడతాను. ముందు హద్దు నడుద్దాం, లాప్‌టాప్ తర్వాత తీద్దురు గాని.