మూడు టారో కార్డుల స్ప్రెడ్‌లో చివర డెత్ కార్డు వచ్చింది, ఎలా చదవాలి?

గోదారిగట్టు:
నమస్కారం అండి. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. రాజమండ్రిలో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఇక్కడ మానేసి ఊరెళ్లిపోవాలా వద్దా అని నాలుగు నెలలుగా నలిగిపోతున్నాను. నిన్న రాత్రి గతం, వర్తమానం, భవిష్యత్తు అనుకుని మూడు కార్డులు తీశాను. ఫైవ్ ఆఫ్ కప్స్, ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్, డెత్. మూడోది తిప్పగానే చేతులు చల్లబడ్డాయి. అమ్మకేమైనా అవుతుందేమోనన్న టెన్షన్‌తో తెల్లారేదాకా నిద్ర లేదు. నాది మామూలు రైడర్ వెయిట్ డెక్కే (టారో కార్డుల కట్ట). తెలిసినవాళ్లు చెప్పండి.

మల్లెపందిరి:
ముందు అమ్మగారికి ఫోన్ చేయండి, సగం భయం అక్కడే పోతుంది. డెత్ అంటే మనిషి పోవడం కాదండి, ఒక దశ అయిపోవడం. నాకు ఆ కార్డు వచ్చిన ఏడాది మేం పదేళ్లున్న అద్దె ఇల్లు ఖాళీ చేశాం.

పాతడెక్కు:
గోదారిగట్టు గారూ, అర్థాల పుస్తకం మూసేసి, మూడు కార్డులూ మళ్లీ వరసగా పెట్టుకుని బొమ్మలు చూడండి. ఈ డెక్కు 1909లో లండన్‌లో వచ్చింది. బొమ్మలు వేసింది పమేలా కోల్‌మన్ స్మిత్. అంతకుముందు చాలా డెక్కుల్లో అంకెల కార్డుల మీద ఐదు కప్పులో ఎనిమిది కత్తులో పేర్చి ఉండేవి, అంతే. ఆవిడ వాటిలో కూడా కథ పెట్టింది. అందుకే బొమ్మే ముందు మాట్లాడాలి.

ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల్నే చూస్తున్నాడు. వెనక రెండు నిలబడే ఉన్నాయి. పక్కన నది, దాని మీద వంతెన, అవతల ఒక కోట. మీది రాజమండ్రి అన్నారు కాబట్టి ఆ వంతెన దగ్గర కాసేపు ఆగండి. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఆమె కళ్లకు గంతలున్నాయి, చేతులు కట్టేసి ఉన్నాయి. కాళ్లు చూడండి, వాటికి కట్టు లేదు. కత్తులు కూడా పూర్తిగా చుట్టుముట్టి లేవు, ముందు దారి ఖాళీగానే ఉంది. ఇక డెత్‌లో గుర్రం కాళ్ల దగ్గర రాజు పడిపోయి ఉన్నాడు, కానీ వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. మీ కంట్లో ముందు పడింది ఏది?

వేపచెట్టు_నీడ:
ఒక్క మాట. భయమేసిందని మళ్లీ మళ్లీ తీయకండి. నేను పెళ్లి విషయంలో ఒకే రాత్రి ఏడుసార్లు తీశాను. చివరికి ఏ కార్డు ఏం చెప్పిందో గుర్తు లేదు, ఏడుపు మాత్రం మిగిలింది. తర్వాత కార్డులు చూసి చెప్పే ఒక రీడర్ దగ్గరికి వెళ్తే, డెత్ చూపించి దోషం ఉంది, శాంతి చేయాలి, 15 వేలవుతుంది అన్నారు. నా భయం తెలుసుకుని అడిగిన డబ్బు అది. ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మల్లెపందిరి:
అయ్యో, అది చాలా తప్పండి. 78 కార్డుల్లో అదీ ఒకటి, ఎవరికైనా వస్తుంది.

పాతడెక్కు:
వేపచెట్టు గారు చెప్పింది నిజం. ఇంకోటి, అడిగే తీరు మార్చండి. ‘ఏమవుతుంది’ అంటే ప్రతి కార్డూ భయపెడుతుంది. ‘నేను చూడనిది ఏముంది’ అని అడిగితే పని చెబుతుంది. అయితే ఏ స్థానం దేనికో తీయకముందే అనుకోవాలి. కార్డులు చూశాక మార్చుకుంటే మనకు నచ్చిందే వింటాం.

గోదారిగట్టు:
అమ్మతో మాట్లాడాను. గోంగూర పచ్చడి పెడుతోందట, బాగానే ఉంది.

మీరు చెప్పినట్టే బొమ్మలు చూశాను. ఆ ఒలికిన కప్పుల దగ్గరే కళ్లు ఆగిపోయాయి. రెండేళ్ల కిందట నాన్నకి బాగాలేదని కబురొస్తే, సెలవు దొరికి నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. నిన్న డెత్ చూసి నేను భయపడింది ఆ రోజు గుర్తొచ్చే. తర్వాత ఆ కట్టు లేని కాళ్లు. ఇంటి నుంచి పని చేయనిస్తారా అని ఆఫీసులో ఇంతవరకు నోరు తెరిచి అడగనే లేదు. ఒప్పుకోరని నాకు నేనే అనుకుని నాలుగు నెలలు కూర్చున్నాను. సోమవారం అడుగుతాను. ఈలోగా రేపటి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను.