తొట్లకొండ నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంట నడక: ఏ వేళకి బయలుదేరాలి?

మధురవాడ_నడక:
నవంబరులో ఒక ఆదివారం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. పొద్దున్నే విశాఖ దగ్గరి తొట్లకొండ ఎక్కి, మంగమారిపేట దగ్గర ఒడ్డుకు దిగి, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని, భీమిలిలో 900కె బస్సు పట్టుకుని వెనక్కి రావాలని ప్లాను. మంగమారిపేట రాతి తోరణం దగ్గరకు నీరు తగ్గినప్పుడే వెళ్లగలమని అంటారు. ఆ వేళ ఎలా లెక్కకట్టాలి? ముందు రోజు వాన పడితే దిబ్బల్లోకి దిగొచ్చా? మనిషికి ఎన్ని నీళ్లు మొయ్యాలి? అందరికీ కొండలు అలవాటే గానీ ఒడ్డు నడక కొత్త.

ఒడ్డుగాలి:
ఆదివారం ఖాయం చేసుకునే ముందు తిథి చూడండి. మన ఒడ్డున రోజుకు రెండు పోట్లు (నీరు పెరగడం), రెండు ఆట్లు (నీరు తగ్గడం). ఒక ఆటుకీ తరువాతి ఆటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ 12 గంటలకు నీరు బాగా తగ్గితే రేపు దాదాపు 12:50కి తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీటి హెచ్చుతగ్గు ఎక్కువ, విశాఖలో ఒకటిన్నర మీటరు దగ్గరకు వస్తుంది. అష్టమి దాటాక అందులో సగం కూడా ఉండదు. అప్పుడు వెళ్తే తోరణం మొదలు సరిగ్గా బయటపడదు, ఎంతసేపు నిలబడ్డా అంతే.

పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. ఒకే ఊళ్లో ప్రతి పౌర్ణమికీ ఆటు దాదాపు అదే గంటకు వస్తుంది. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఆటుపోట్ల పట్టికలో ఒకసారి చూసి రాసిపెట్టుకుంటే వచ్చే నెలకి ఉజ్జాయింపు మీ చేతిలోనే ఉంటుంది. బయలుదేరే ముందు మాత్రం పట్టిక మళ్లీ చూడండి.

నడక ఆటుకు రెండు గంటల ముందు మొదలెట్టండి. నీరు తగ్గుతున్నంతసేపూ తడి ఇసుక గట్టిగా, చదునుగా దొరుకుతుంది. పోటు మీద నడిస్తే పైనున్న మెత్తటి వాలులో నడవాల్సి వస్తుంది. ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో పడి రెండు గంటలకే మోకాలి పక్క నొప్పి పట్టుకుంటుంది. పల్లం పదిహేనుకి ఒకటి ఉన్నచోట నీరు ఒకటిన్నర మీటరు పెరిగిందంటే ఒడ్డు ఇరవై మీటర్లకు పైగా మాయమైనట్టే. రాళ్ల అవతలికి వెళ్లినవాళ్లకు తిరుగుదారి పోయేది ఇలాగే.

తోరణం దగ్గర పచ్చగా కనబడే రాయి మీద అడుగు వెయ్యకండి, అది పాచి. గవ్వపురుగులు అంటుకున్న గరుకు రాయి మీదే కాలు ఆనుతుంది. చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ గానీ పాత బూట్లు గానీ వేసుకోండి.

పట్టిక నీటి మట్టమే చెబుతుంది, అలల సంగతి చెప్పదు. నవంబరులో బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం ఉంటే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా పెద్ద అలలు వస్తాయి. ఎత్తైన అలల హెచ్చరిక ఉన్న రోజు తోరణం ఆలోచన మానుకోండి.

జీడితోట:
దిబ్బల గురించి నేను చెబుతాను. వాన పడిన మర్నాడు వద్దు, రెండు మూడు రోజులు ఎండనివ్వండి. దిబ్బల మట్టిగోడ పైపొర గట్టిగానే ఉంటుంది, కింద ఉన్నది మాత్రం వదులు ఇసుక. గెడ్డలో (గోడల మధ్య ఉండే వాగులో) వాన నీరు పారినప్పుడు గోడ మొదలు కోసుకుపోతుంది, పైభాగం చూరులా వేలాడుతుంది. మధ్యాహ్నం ఎండలో అక్కడి నీడ ఎంత చల్లగా ఉన్నా దాని కింద కూర్చోకూడదు. గోడ పాదంలో తాజా ఎర్రమట్టి కుప్పగా పడి ఉన్నా, పైన అంచుకు సమాంతరంగా పగులు కనబడినా ఆ వైపు వెళ్లొద్దు. గెడ్డ మధ్యలోనే నడవండి. పైనుంచి చూసేటప్పుడు అంచుకు రెండు మీటర్లు ఇవతలే ఆగండి.

దారి తప్పడం గురించి: ఈ గెడ్డలు చెట్టు కొమ్మల్లా ఉంటాయి. పైకి పోయేకొద్దీ రెండుగా, నాలుగుగా చీలుతాయి, ప్రతి చీలికా ఒకేలా కనబడుతుంది. కిందికి నడిస్తే అన్నీ కలిసి సముద్రం వైపే తీస్తాయి. అయోమయంగా ఉంటే ఇసుకలో నీరు పారిన చారలు ఎటు వాలాయో చూసి అటే నడవండి. పైకి వెళ్లేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు కనబడే దృశ్యం అదే కదా.

గోడలెక్కకండి, పేర్లు చెక్కకండి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు అది. ఒక్క మడమ దిగబడితే రాలిపోయిన గోడ మళ్లీ కట్టుకోదు.

ఒడ్డంతా ఏకబిగిన నడవడం కుదరదు. దారిలో నేవీ స్థలం ఉంది. కంచె, బోర్డు కనబడగానే బీచ్ రోడ్డెక్కండి. డ్రోన్ తీసుకురావద్దు.

కొండవాలు:
తొట్లకొండ ఎత్తు 128 మీటర్లే, పైదాకా రోడ్డుంది. మీకది గంట పని. కానీ ఆ పేరు ఎందుకొచ్చిందో గమనించండి: పైన నీటి ఊట లేకనే బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి వాన నీటికి తొట్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ నీళ్లు తాగేవి కావు, మీ నీళ్లు మీరే మోసుకెళ్లాలి.

నవంబరుకి మనిషికి మూడు లీటర్లు, ఏప్రిల్లో అయితే నాలుగు. ఒకే పెద్ద సీసా కంటే లీటరువి మూడు మేలు, ఎంత తాగారో తెలుస్తుంది. ఒకదానిలో ఓఆర్ఎస్ కలపండి. లీటరుకి చేసిన ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరులోనే కలపాలి, గ్లాసులో సగం పొడి వేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టిన కొలత. ఎండదెబ్బ తగిలి ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. తేరుకుంటారులే అని చూస్తూ కూర్చోవద్దు.

నవంబరులో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, అంటే భీమిలి వైపు నడిచేవాళ్లకు ఎదురుగాలి. చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి తాగండి.

మధురవాడ_నడక:
చాలా థాంక్సండీ. పౌర్ణమి వెళ్లాక వచ్చే ఆదివారం పెట్టుకుంటాం. దారిలో అలివి వలలు (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వలలు) లాగుతుంటే ఎటు నుంచి పోవాలి? ఇంకోటి, భీమిలి చేరాక స్నానం చెయ్యొచ్చా?

ఒడ్డుగాలి:
వల లాగేవాళ్ల వెనక నుంచి, ఒడ్డు పైవైపుగా వెళ్లండి. బిగిసిన తాడు దాటకండి, అల వెనక్కి గుంజినప్పుడు అది ఒక్కసారిగా మోకాలెత్తు లేస్తుంది.

స్నానం గోస్తనీ నది కలిసేచోట మాత్రం వద్దే వద్దు. నీరు తగ్గుతున్నప్పుడు నది నీరూ, పోటుకి లోపలికి వచ్చిన నీరూ కలిసి ఆ ఇరుకు మొగ (నది సముద్రంలో కలిసే నోరు) గుండా సముద్రంలోకి తోసుకుపోతాయి. మిగతా ఒడ్డున కూడా రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక చాలు మాత్రం నున్నగా, కాస్త మట్టిరంగుగా కనబడితే అది లోపలికి లాగే చోటు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు అడ్డంగా ఈది ఆ చాలు దాటాక, విరిగే అలలతో పాటు బయటికి రండి. ఈత రానివాళ్లు ఆ రోజుకి మోకాలి లోతు దాటకుండా కాళ్లు కడుక్కుని బస్సెక్కెయ్యండి.