నిమజ్జనం చేసిన వినాయకుడి మట్టిలో మొక్క బతకాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మలు నీళ్లలో కరగవని స్కూల్లో విని వచ్చి, మా పాప ఈసారి మట్టి వినాయకుడే కావాలని పట్టుబట్టింది. ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేశాం. రాత్రికి తొండం కరిగిపోయింది, తెల్లారేసరికి అంతా బురద. దాన్నే కుండీలో పోసి తులసి నాటాం.

ఇప్పుడు మట్టి పెంకులా గట్టిపడి పగుళ్లిచ్చింది. నీళ్లు పోస్తే పైనే నిలుస్తున్నాయి, ఆకులు పసుపుపచ్చగా అయిపోతున్నాయి. పాప రోజూ పొద్దున్నే చూసి దిగులు పడుతోంది. బంకమట్టి కదా, ఇసుక, కొబ్బరి పొట్టు ఎంతెంత కలపాలి? మొక్కను ఇప్పుడే తీసి మార్చవచ్చా?

పూజ చేసిన 21 రకాల పత్రి కూడా ఎండబెట్టి దాచాం. అందులో ఉమ్మెత్త, జిల్లేడు ఆకులున్నాయి. అవి ఎరువులో వేయొచ్చా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.