ఓడ జాబితాలో 'పాలటైన్' అని ఉంటే ఆ కుటుంబం జర్మన్ అని తేల్చేయొచ్చా?

పాతదస్తరం:
అమెరికాలోని ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మన్ వలసదారుల జాబితాలు 1727 నుంచి ఉన్నాయి. చాలా ఓడలకు తలకట్టు "పాలటైన్లు". అది చూసి జర్మనీలో రైన్ ఒడ్డున ఉన్న పాలటినేట్ దగ్గరే వంశవృక్షం ఆపేస్తున్నారు. ఇది తప్పని నా వాదన. 1709లో లండన్ చేరిన సుమారు 13,000 మందినీ ఇంగ్లీషువాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. వాళ్లలో హెస్సె, వుర్టెంబర్గ్ లాంటి వేరే జర్మన్ ప్రాంతాల వాళ్లూ ఉన్నారు.

పోనీ నిజంగా పాలటినేట్ వాళ్లే అనుకుందాం. 1562లోనే అక్కడి ఫ్రాంకెంతాల్‌లో ఫ్లెమిష్ (నేటి బెల్జియం వైపు నుంచి వచ్చిన) కాందిశీకులు స్థిరపడ్డారు. ముప్ఫై ఏళ్ల యుద్ధం (1618–48) ఊళ్లను ఖాళీ చేశాక ఆ పొలాల్లోకి స్విట్జర్లాండ్‌లోని జూరిచ్, బెర్న్ రైతులు వచ్చారు. 1671లో బెర్న్ వెళ్లగొట్టిన మెన్నొనైట్లు (ఒక ప్రొటెస్టంట్ శాఖ) వచ్చారు, 1685 తర్వాత ఫ్రాన్స్ నుంచి హ్యూగెనాట్లు (ఫ్రెంచి ప్రొటెస్టంట్లు) వచ్చారు. న్యూయార్క్‌లోని న్యూ పాల్జ్ ఊరి పేరులో ఉన్నది పాలటినేటే, ఊరు కట్టినవాళ్లు మాత్రం ఫ్రెంచి మాట్లాడే హ్యూగెనాట్లు.

రేవుగట్టు:
చరిత్ర సరే, ముగింపు ఒప్పుకోను. మూడు తరాలు జర్మనీలోని క్రైఖ్‌గావ్‌లో పుట్టి, అక్కడే పెళ్లాడి, జర్మన్‌లో ప్రార్థన చేసినవాణ్ణి "స్విస్" అని రాయడం మాత్రం ఏం న్యాయం? ఇంకో ప్రమాదం ఉంది. మూలం వెతకాలనే ఆత్రంలో ఇంటిపేరు ఒక్కటి కలిస్తే చాలు, దూకేస్తున్నారు. మ్యూలర్ అనే పేరు లేని ఊరే ఉండదు. కాగితం ఎక్కడ ఆగితే మనమూ అక్కడ ఆగాలి.

పాతదస్తరం:
ఆగాలి, నిజమే. కానీ అంత దాకా వెళ్లాలి కదండీ! చాలామంది ఓడ జాబితా నుంచి నేరుగా యూరప్‌కి వెళ్లి దారి తప్పుతున్నారు.

ముందు పెన్సిల్వేనియాలోని చర్చి పుస్తకాల్లో పిల్లల బాప్తిస్మాలు తీయండి. జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడింది తరచూ స్వగ్రామం వాళ్లే. భార్య పుట్టింటిపేరు దొరికితే సగం పని అయినట్టే. తర్వాత ఓడ జాబితా. ఒక్కో ఓడకు మూడు దాకా ఉంటాయి: కెప్టెన్ ఇచ్చినది, ఇంగ్లీషు రాజు పట్ల విధేయతకు దిగినవాళ్లు చేసిన రెండు ప్రమాణాలవి. కెప్టెన్ జాబితాలో పేర్లు ఇంగ్లీషు చెవికి వినబడినట్టు ఉంటాయి. ప్రమాణ పత్రాల్లో సొంత సంతకం ఉంటుంది కాబట్టి దాన్నే నమ్మండి. అయితే పేరు పక్కన గుర్తు మాత్రమే ఉంటే, ఆ పేరు గుమాస్తా రాసిందే. ప్రమాణం చేసింది 16 ఏళ్లు దాటిన మగవాళ్లే, కాబట్టి అందులో భార్య కనబడలేదని ఆమె రాలేదనుకోకండి.

అటువైపు ఊరు దొరికాక, ఇమ్మిగ్రెంట్ తల్లిదండ్రుల పెళ్లి నమోదు తప్పకుండా చదవండి. రిఫార్మ్డ్ (కాల్విన్ బోధన అనుసరించే ప్రొటెస్టంట్) చర్చి పుస్తకాల్లో వరుడి పక్కన "జూరిచ్ ప్రాంతం" అని స్విస్ ఊరి పేరుతో సహా ఉండటం మామూలే. జూరిచ్‌లో పాస్టర్లు 1634 నుంచి ఇంటింటి జనాభా పట్టికలు రాశారు, పాలటినేట్‌కి వెళ్లిన పిల్లల సంగతీ వాటిలో కనబడుతుంది.

మూడోపాయ:
ఇవన్నీ ఎందుకు, డీఎన్‌ఏ పరీక్ష ఉంది కదా అనేవాళ్లకు ఒక లెక్క. ఎనిమిది తరాల వెనక ఉన్న ఒక పూర్వీకుడి నుంచి మనకు సగటున వచ్చేది 256లో ఒక వంతు, అంటే 0.4 శాతం కూడా కాదు. పైగా రైన్‌కి అటూ ఇటూ ఉన్నవాళ్లు జన్యుపరంగా దగ్గరివాళ్లే. "ఫ్రెంచి" అని శాతం చూపించినంత మాత్రాన హ్యూగెనాట్ తాత దొరికినట్టు కాదు. మగ వరసకు, తండ్రి నుంచి కొడుక్కే వచ్చే వై-క్రోమోజోమ్ పోలిక పనికొస్తుంది. అదీ స్విట్జర్లాండ్‌లో అదే ఇంటిపేరున్న వంశస్థుడు పరీక్షకు ఒప్పుకుంటేనే.

రేవుగట్టు:
పెళ్లి నమోదు మాట ఒప్పుకుంటున్నా. అందులో స్విస్ ఊరు రాసి ఉంటే దాన్ని వదిలేయడం తప్పే. కానీ 1689లో ఫ్రెంచి సైన్యం హైడెల్‌బర్గ్, మన్‌హైమ్, వార్మ్స్ తగలబెట్టింది. ఆ యుద్ధంలో చర్చి పుస్తకాలు పోయిన ఊళ్లలో నమోదు ఆ తర్వాతే మొదలవుతుంది. అక్కడ "అంతకుముందు తెలియదు" అని రాయాలి. నేనైతే పుట్టిన ఊరికి ఒక గడి, కుటుంబం అంతకుముందున్న చోటుకి ఇంకో గడి పెడతాను. రెండో గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

తేదీలు కలిపేటప్పుడు ఒకటి చూసుకోండి. ఇంగ్లీషు పాలనలో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1738 సెప్టెంబర్‌లో దిగినవాడి పేరుతో "ఫిబ్రవరి 1738" నాటి కాగితం దొరికితే వేరే మనిషని పక్కన పెట్టేయకండి. అది మన లెక్కలో 1739 ఫిబ్రవరి.